పెంకు మీద 1865

మా గిద్దలూరు, మార్కాపురం వైపు "బెంగుళూరు పెంకు" అంటే ఎర్రటి, చదునైన, ఒకదాన్లో ఒకటి ఇరుక్కునే పెంకు. అది పుట్టింది బెంగుళూరులో కాదు. మంగుళూరు పెంకు అది. ఇంకా వెనక్కెళితే మంగుళూరుదీ కాదు. ఫ్రాన్సులోని అల్సాస్ లో గిలార్డోని అన్నదమ్ములు 1841లో ఇలా ఇరుక్కునే పెంకుకి పేటెంటు తీసుకున్నారు. బేసల్ మిషన్ తరఫున వచ్చిన జార్జ్ ప్లెబ్స్ట్ అనే జర్మన్ 1865లో మంగుళూరు జెప్పులో, నేత్రావతి ఒడ్డు బంకమట్టితో ఫ్యాక్టరీ పెట్టాడు. మతం మారి కులవృత్తి పోగొట్టుకున్నవాళ్ళకి పని చూపించడం మిషన్ ఉద్దేశాల్లో ఒకటి. కంపెనీ బాగా నడిచింది. చుట్టుపక్కల మనవాళ్ళూ పెట్టారు. అల్బుకర్క్ వాళ్ళ పెంకు మీద 1868 అని ఉంటుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఊళ్ళో ఇల్లు కడుతూ వసారాకి పెంకులు వెతుకుతున్న నాన్నకి ఈమధ్య ఒకాయన పాత పెంకు చూపించాడట. దానిమీద బేసల్ మిషన్, 1865 అని ఇంగ్లీషులో అచ్చు. "నూటఅరవై ఏళ్ళ పెంకు, ఇప్పుడు దొరకదు" అని కొత్తదానికన్నా ఎక్కువ రేటు చెప్పాడు. మిఠాయి కొట్టు బోర్డు మీద స్థాపించిన సంవత్సరం ఉన్నంత మాత్రాన లోపలి లడ్డూ ఆనాటిది కాదు కదా! 1865 కంపెనీ పుట్టిన ఏడు. అదే అచ్చుతో దశాబ్దాల పాటు పెంకులు వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లని నిర్బంధించాక ఆ ఫ్యాక్టరీలు చేతులు మారి కామన్వెల్త్ ట్రస్ట్ కిందకి వెళ్ళాయి. కాబట్టి ఆ పెంకుకి నూరేళ్ళు ఉండే అవకాశం ఉంది. కానీ నూరేళ్ళు వయసు మాత్రమే, నాణ్యత కాదు. మన భాషలో చెప్పాలంటే, కాపీరైట్ లైన్లో ఉన్న సంవత్సరం చూసి బిల్డు బాగుందనడం లాంటిది.

అసలు ఈ అచ్చు చూసి నమ్మడమనేదే కొత్త అలవాటు. అంతకుముందు మా పల్లెల్లో ఉన్నవి మట్టి మిద్దెలు, బోదకొట్టాలు, నాటు పెంకుటిళ్ళు. నాటు పెంకంటే కుమ్మరి సారె మీద గొట్టంలా తీసి, నిలువునా రెండుగా చీల్చి, ఆవంలో కాల్చింది. వాటిని ఏటా వానలకి ముందు సర్దించుకోవాలి, కోతులొస్తే మళ్ళీ సర్దించుకోవాలి. అయితే కారితే ఎవర్ని అడగాలో తెలుసు, ఆయన పక్క వీధిలోనే ఉంటాడు. బెంగుళూరు పెంకు ఒక్కోటి రెండు మూడు కిలోలు. వెయ్యి పెంకులంటే రెండు మూడు టన్నులు. ఓడలూ రైళ్ళూ ఉంటే తప్ప అంత బరువు దూరం పోదు. నల్లమల దాటి గిద్దలూరు, కంభం మీదుగా బెజవాడకి మీటర్ గేజ్ లైను పడింది కూడా పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే. తయారుచేసినవాడు వందల మైళ్ళ అవతల ఉంటే, ఆ మనిషి బదులు అచ్చుని నమ్మాల్సొచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక అచ్చు పక్కన ఐ.ఎస్. 654 అనే ప్రమాణం చేరింది. దాన్ని చదివితే నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే మా ముసలి మేస్త్రీ చేసేవే అందులో ఉన్నాయి. ఆయన పెంకుని వేళ్ళ మీద నిలబెట్టి కణుపుతో కొట్టి, "మోగాలబ్బయ్యా, బొద్దుమంటే పచ్చిది" అంటాడు. ప్రమాణం కూడా కొడితే ఖంగుమనాలనే అంటుంది. ఆయన నీళ్ళలో నానేసి చేత్తో బరువు చూస్తాడు. వాళ్ళు 24 గంటలు నానబెట్టి తూస్తారు. పీల్చిన నీళ్ళు మొదటి రకానికి 18 శాతం, రెండో రకానికి 20 శాతం దాటకూడదు. పెంకు మీద నీళ్ళు నిలబెట్టి ఆరు గంటల తర్వాత కింద బొట్టు పడుతుందా చూడటం కూడా ఉంది. ఇంట్లో ఒక త్రాసు, బకెట్టు ఉంటే వీటిలో చాలావరకు మనమే చేసుకోవచ్చు. ఒకటి కాదు, లోడు మధ్యలోంచి, అడుగునుంచి కూడా తీసి చూడాలి. పైన పేర్చినవి ఎప్పుడూ మంచివే ఉంటాయి.

ఒక పెంకు పగలగొట్టడానికి వెనకాడకండి. సిమెంటు పెంకుకి ఎర్రరంగు పూసి మట్టి పెంకని అమ్మేవి విరిస్తే లోపల బూడిదరంగు బయటపడుతుంది. మట్టి పెంకైతే విరిగినచోట తెల్లటి గుళ్ళు ఉన్నాయేమో చూడండి. మా నల్లరేగళ్ళలో సున్నపు గుళ్ళు ఎక్కువ. మట్టిని సరిగ్గా జల్లించకపోతే అవి బట్టీలో కాలి సున్నమవుతాయి, తర్వాత తేమ తగిలినప్పుడు ఉబ్బి పెంకుని పెచ్చులూడదీస్తాయి. ఇది కొనేరోజు మోగించినా తెలియదు. నాలుగు పెంకుల్ని రోజూ తడిపి వారం పది రోజులు చూస్తే తెలుస్తుంది. పాత పెంకుకి మాత్రం ఈ ఒక్క పరీక్ష అక్కర్లేదు, దాన్ని ఎన్నో వానాకాలాలు ముందే చేసేశాయి. దానికి చూడాల్సింది ఇరుక్కునే అంచులు విరిగాయా లేదా అని. ఇంకోటి, వేరే కంపెనీ పెంకుతో కలిపితే గాళ్ళు కలవవు. అందుకే కొప్పు దాకా లెక్కేసుకుని, పగిలేవాటికి కొన్ని ఎక్కువేసుకుని, ఒకే అచ్చువి తీసుకోమని నాన్నకి చెప్పాను. చదరపు మీటరుకి పదిహేను దాకా పడతాయి.