ఇంజిన్ లైటు ఎందుకు పుట్టింది?

సెకండ్ హ్యాండ్ కారు కొన్న వారానికే పసుపు ఇంజిన్ లైటు వెలిగిందని చాలామంది నన్ను అడుగుతుంటారు. అసలు ఈ లైటు పుట్టింది బండి కోసం కాదు, గాలి కోసం.

లాస్ ఏంజెలెస్‌ని కమ్మేసిన మురికి పొగకు కార్లే పెద్ద కారణమని 1950ల్లో హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త తేల్చారు. ఆ దారిలోనే 1988 మోడళ్ల నుంచి కాలిఫోర్నియా ఒక నియమం పెట్టింది: పొగను అదుపు చేసే భాగం పాడైతే కారే చెప్పాలి. కానీ ఒక్కో కంపెనీది ఒక్కో కోడ్. 1996 మోడళ్లకు అమెరికా అంతటా ఒకే 16 పిన్నుల సాకెట్, ఒకే కోడ్ భాష వచ్చాయి. అదే ఓబీడీ-2. మన దగ్గర 2013లో తప్పనిసరి చేశారు.

ఈ చరిత్ర మనకెందుకంటారా? స్కానర్‌తో కోడ్ చెరిపేస్తే లైటు ఆరుతుంది, రోగం పోదు. అయితే దాంతోపాటు కారు తనకు తాను చేసుకున్న పరీక్షల ఫలితాలూ చెరిగిపోతాయి. స్కానర్‌లో ఆ పరీక్షలు పూర్తి కాలేదని కనిపిస్తే, డబ్బు ఇచ్చేముందే ఎందుకని అడగండి. బ్యాటరీ తీశామంటారు, సరే, కొన్ని రోజులు నడిపి మళ్లీ చూద్దామనండి. తాళం తిప్పగానే లైటు వెలగాలి, ఇంజిన్ స్టార్టయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.