గడ్డ

శిరివెళ్ల వంటింట్లో గడ్డ అంటే భయమేమీ లేదు: ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉర్లగడ్డ. అటు ఆళ్లగడ్డ ఊరి పేరులోనూ అదే మాట వినిపిస్తుంది. ఒంటి మీదికొస్తే మాత్రం గొంతు తగ్గిపోతుంది. "రొమ్ములో గడ్డ" అని కన్నతల్లికి కూడా చెవిలోనే చెబుతారు.

తమిళ కట్టి, కన్నడ గడ్డె, మన గట్టి, గడ్డ అన్నీ చుట్టాలే.

ఆ గట్టితనం రొమ్ములో ఇంకోలా కూడా వస్తుంది. క్యాన్సర్‌కు రొమ్ము తీసేసి సిలికాన్ ఇంప్లాంట్ పెడితే ఒళ్లు దాని చుట్టూ పల్చటి పొర అల్లుకుంటుంది. కొందరిలో ఆ పొర మందమై బిగుసుకుపోతుంది. ఎంత గట్టిపడిందో డాక్టర్లు చేత్తో తడిమి, బేకర్ పద్ధతిలో 1 నుంచి 4 దాకా గ్రేడు వేస్తారు. గట్టితనానికి నొప్పి కూడా తోడైతే 4. ఎలాస్టోగ్రఫీ అనే అల్ట్రాసౌండ్ పరీక్షలో ఆ గట్టితనానికి అంకె దొరుకుతుంది. కణజాలం ఎంత బిగుసుకుంటే, దానిలో పుట్టించిన తరంగం అంత వేగంగా పోతుంది. లెక్క కిలోపాస్కల్స్‌లో వస్తుంది.

నొప్పికి ఆ అల్ట్రాసౌండ్ తెర మీద అంకె లేదు. చెయ్యెత్తితేనా, పక్కకు తిరిగి పడుకుంటేనా అని ఇంప్లాంట్ పెట్టించుకున్న మనిషినే అడగాలి. నొప్పి లేదు కదా అని ఏ గడ్డనూ దాచుకోవద్దు తల్లీ. క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలాసార్లు నొప్పే పెట్టదు.