తప్పెవరిదో తేలకపోయినా పరిహారం: మోటారు వాహన చట్టంలో ‘నో ఫాల్ట్’ కథ

ముందు టైరు పేలి ఓ జీపు బోల్తా కొట్టింది. రోడ్డు మీద నడిచి వెళ్తున్న మనిషికి తగిలి అతను చనిపోయాడు. డ్రైవరు నిర్లక్ష్యం రుజువు కాలేదు కాబట్టి, నో ఫాల్ట్ కింద వచ్చే 50,000 రూపాయలు తప్ప మరేమీ రాదని ట్రైబ్యునల్ తేల్చింది. పాలిటీ, సోషల్ జస్టిస్ చదివేవాళ్లకు ఇది 2001 నాటి కౌశ్నుమా బేగం కేసుగా తెలిసే ఉంటుంది. ఆ 50,000 ఎక్కడి నుంచి వచ్చింది, అంతకు ముందైతే ఆ కుటుంబానికి ఏమి దక్కేది అన్నది చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

బ్రిటన్ 1930లో చేసిన రోడ్ ట్రాఫిక్ చట్టం నమూనాగా మన 1939 మోటారు వాహనాల చట్టం వచ్చింది. బండి వల్ల బయటివాళ్లకు జరిగే హానికి బీమా తప్పనిసరి అంది. ఆ అధ్యాయం అమల్లోకి వచ్చింది మాత్రం 1946 జూలై 1న. ఇక్కడ ఒక విషయం పక్కాగా పట్టుకోండి. తప్పనిసరి అయినది థర్డ్ పార్టీ బీమాయే. మీ కారుకు పడే సొట్టలకు బీమా తీసుకోవడం మీ ఇష్టం. ఇప్పటికీ అంతే.

బీమా ఉంది, 1956 సవరణతో క్లెయిమ్స్ ట్రైబ్యునళ్లకూ దారి పడింది. కానీ డబ్బు చేతికి రావాలంటే డ్రైవరు నిర్లక్ష్యం రుజువు చేయాలి. లారీ ఆగకుండా పోతుంది, చూసినవాళ్లు కోర్టు మెట్లెక్కడానికి జంకుతారు, భర్త పోయిన ఇల్లాలు పనికి పోవాలా వాయిదాలకు తిరగాలా? ఈ బాధ చూసి 1970లలో కొన్ని హైకోర్టులు, బీమా తప్పనిసరి చేసిన చట్టం ఉద్దేశమే బాధితుడికి డబ్బు అందడం కదా, నిర్లక్ష్యం నిరూపించాల్సిన పని లేదు అనేదాకా వెళ్లాయి. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా హాజీ జకారియా కేసులో ఆ దారే పట్టింది. తెలుగు అభ్యర్థులు సమాధానంలో ఈ పేరు రాస్తే బాగుంటుంది, ఎందుకో చాలామంది రాయరు.

1977 జనవరిలో మీనూ బి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఆ తలుపు మూసేసింది. డ్రైవరు తప్పు ఉంటేనే యజమానికి బాధ్యత, యజమానికి బాధ్యత ఉంటేనే బీమా కంపెనీకి బాధ్యత అంది. హాజీ జకారియా తీర్పు చెల్లదంది. చట్టంలో ఉన్న మాటల ప్రకారం చూస్తే ఆ తీర్పు తప్పని నేను అనలేను. లేని మాటను చట్టంలో చేర్చాల్సింది పార్లమెంటు. అయితే అదే సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ వంటివారు తర్వాతి తీర్పుల్లో నో ఫాల్ట్ చట్టం తెమ్మని గట్టిగా చెబుతూ వచ్చారు.

పార్లమెంటు కదిలింది 1982లో. ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి 92ఏ సెక్షన్ అమలైంది. ఎవరి తప్పూ నిరూపించకుండానే మరణానికి 15,000, శాశ్వత వైకల్యానికి 7,500. ఇంకా కావాలంటే నిర్లక్ష్యం నిరూపించి తెచ్చుకోవచ్చు. గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియని కేసుల్లో మరణానికి 5,000 ఇచ్చే సొలేషియం నిధి కూడా అప్పటిదే.

అమెరికా ‘నో ఫాల్ట్’తో దీన్ని కలపకండి. మసాచుసెట్స్ రాష్ట్రం 1971లో మొదలుపెట్టిన పద్ధతిలో మీకు దెబ్బ తగిలితే మీ బీమా కంపెనీయే మీ వైద్యానికి కొంత మేర కడుతుంది, చిన్న గాయాలకు దావా వేసే హక్కు తగ్గుతుంది. మన పద్ధతిలో కట్టేది గుద్దిన బండి యజమాని, అతని తరఫున బీమా కంపెనీ. అందుకే 2009 నాటి నింగమ్మ కేసులో, ఇంకొకరి మోటార్‌సైకిల్ అడిగి తీసుకెళ్లి ఎడ్లబండిని గుద్ది చనిపోయిన వ్యక్తి యజమాని స్థానంలో ఉన్నట్టేనని, ఈ నో ఫాల్ట్ దారి అతని కుటుంబానికి పనికిరాదని కోర్టు అంది. స్నేహితుడి బండి తాళాలు అందుకునే ముందు ఎవరైనా ఈ సంగతి ఆలోచిస్తారా?

1988 చట్టంలో 140వ సెక్షన్ కింద మొత్తం 25,000 అయింది, 1994లో 50,000. ఆ 1994లోనే 163ఏ సెక్షన్ కూడా వచ్చింది. వయసు, ఆదాయం బట్టి పట్టిక చూసి లెక్కకట్టే పద్ధతి, ఇక్కడా తప్పు నిరూపించనక్కర్లేదు. అయితే ఏడాదికి 40,000 లోపు ఆదాయం ఉన్నవారికే. ఆ 40,000ను ఎవరూ పట్టించుకోలేదు. పట్టికను మార్చింది 2018 మే నెలలో. ఇరవై నాలుగేళ్లలో కూలి రేట్లు ఎన్ని రెట్లు పెరిగాయో మీకు తెలుసు. పేదవాడి కోసం పెట్టిన సెక్షన్ నుంచి మేస్త్రీలు, ఆటో డ్రైవర్లు ఒక్కొక్కరే జారిపోయారు. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు వైఫల్యం 1977 తీర్పు కాదు, ఈ నిర్లిప్తతే.

కౌశ్నుమా బేగం కేసులో సుప్రీంకోర్టు 1868 నాటి ఇంగ్లండు రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ సూత్రాన్ని మోటారు ప్రమాదాలకు వర్తింపజేసి, నిర్లక్ష్యం లేకున్నా పూర్తి పరిహారం లెక్కగట్టింది. కోర్టులు మళ్లీ చట్టం కంటే ముందు నడిచాయన్నమాట.

2019 సవరణ 140, 163ఏ రెండింటినీ తీసేసింది. వాటి స్థానంలో 2022 ఏప్రిల్ 1 నుంచి కొత్త 164వ సెక్షన్ అమల్లో ఉంది: మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు. ఆదాయ పరిమితి లేదు. మంచిదే. కానీ 166వ సెక్షన్‌లోని షరతు చదవండి. 149వ సెక్షన్ పద్ధతిలో ఈ సొమ్ము తీసుకుంటే ట్రైబ్యునల్‌లో వేసిన పిటిషన్ ముగిసిపోతుంది. 1982 నాటి ‘ముందు ఇది తీసుకో, మిగతాది తర్వాత అడుగు’ అన్న ఏర్పాటు పోయింది.

దాని విలువ ఎంతో ఒక లెక్క వేద్దాం. 30 ఏళ్ల ఆటో డ్రైవరు, నెలకు 15,000 సంపాదన, భార్య, ఇద్దరు పిల్లలు. ఏడాదికి 1,80,000. ప్రణయ్ సేథీ తీర్పు (2017) ప్రకారం భవిష్యత్తు ఆదాయానికి 40 శాతం కలిపితే 2,52,000. సొంత ఖర్చు కింద మూడో వంతు తీసేస్తే 1,68,000. సర్లా వర్మ తీర్పు (2009) ప్రకారం ఆ వయసుకు గుణకం 17. మొత్తం 28,56,000. ఇది నిర్లక్ష్యం నిరూపించగలిగితే, ఏళ్లు ఆగగలిగితే. ఒకవైపు 5 లక్షలు, ఇంకోవైపు 28 లక్షల ఆశ. ఎంచుకోవాల్సింది, ఇంటి అద్దె, పిల్లల ఫీజు ఆ నెలలోనే కట్టాల్సిన మనిషి.