వాయు క్రొమటోగ్రఫీ ప్రామాణిక ద్రావణాలు

వాయు క్రొమటోగ్రఫీ ప్రామాణిక ద్రావణాలు అనగా గ్యాస్ క్రొమటోగ్రఫీ పరికరము ఇచ్చే సంకేతమును గాఢతగా మార్చుకొనుటకు, తెలిసిన గాఢతలతో ప్రయోగశాలలో తయారుచేసే ద్రావణాలు. పరికరము గాఢతను నేరుగా తెలుపదు. శిఖరము యొక్క వైశాల్యమును మాత్రమే ఇస్తుంది. దానిని ప్రామాణిక ద్రావణపు శిఖరముతో పోల్చినపుడే నమూనాలో పదార్థము ఎంత ఉన్నదో తెలుస్తుంది. ఈ ప్రక్రియను క్రమాంకనము లేదా కాలిబ్రేషన్ అంటారు.

నేపథ్యము

వాయు-ద్రవ క్రొమటోగ్రఫీని బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ఎ.టి. జేమ్స్, ఎ.జె.పి. మార్టిన్ 1952లో ప్రకటించారు. రక్తములోని ఆల్కహాలును, అనగా ఇథనాల్‌ను కొలుచుట దీని ముఖ్య ఉపయోగాలలో ఒకటి. భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టము 185వ సెక్షను ప్రకారము 100 మి.లీ. రక్తములో 30 మి.గ్రా.లకు మించి ఆల్కహాలు ఉండగా వాహనము నడుపుట నేరము. కనుక ప్రామాణిక ద్రావణములోని చిన్న దోషము కూడా ఒక వ్యక్తిని దోషిగా నిలబెట్టగలదు. ఈ పరీక్షనే ఉదాహరణగా తీసుకుని తయారీ విధానము క్రింద వివరించబడినది.

తయారుచేయు విధానము

* 100 మి.లీ. ప్రమాణ కుప్పెలో ముందుగా సగము వరకు స్వేదన జలము పోసి, మూత పెట్టి తూచాలి. ఇథనాల్ త్వరగా ఆవిరయ్యే ద్రవము కనుక ఖాళీ కుప్పెలో పోయరాదు.
* సుమారు 1.27 మి.లీ. శుద్ధ ఇథనాల్ చేర్చి, వెంటనే మూత పెట్టి మరల తూచాలి. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద దీని సాంద్రత మి.లీ.కు 0.789 గ్రా. కనుక బరువు సుమారు 1 గ్రాము ఉంటుంది. లెక్కలలో తూకములో వచ్చిన అసలు బరువునే వాడాలి.
* గీత వరకు నీరు పోసి, కుప్పెను పలుమార్లు తలక్రిందులు చేసి కలపాలి. బరువు సరిగా 1 గ్రాము అయినచో ఈ మూల ద్రావణములో మి.లీ.కు 10 మి.గ్రా. ఇథనాల్ ఉంటుంది.
* మూల ద్రావణము నుండి పిపెట్‌తో 1, 3, 5, 10, 20 మి.లీ. తీసి, ఒక్కొక్కదానిని 100 మి.లీ.కు విలీనపరచిన 100 మి.లీ.కు వరుసగా 10, 30, 50, 100, 200 మి.గ్రా. గల ద్రావణాలు లభిస్తాయి.

ఆంతరిక ప్రమాణము

ప్రతి ప్రామాణిక ద్రావణమునకు, ప్రతి నమూనాకు సమాన పరిమాణములో ఎన్-ప్రొపనాల్ ద్రావణమును చేర్చుతారు. పరికరములోనికి పంపే పరిమాణము కొద్దిగా మారినను రెండు శిఖరాల నిష్పత్తి మారదు. కుళ్ళిన రక్తములో ఎన్-ప్రొపనాల్ సహజముగా ఏర్పడవచ్చును కనుక శవపరీక్ష నమూనాలకు కొందరు టెర్షియరీ బ్యుటనాల్‌ను వాడతారు. ఈ ద్రావణమును పలు రెట్లు ఎక్కువగా కలుపుట వలన, రక్తమునకు నీటికి గల భేదము ఫలితముపై చూపే ప్రభావము కూడా తగ్గుతుంది.

క్రమాంకన రేఖ, దోషములు

శిఖరాల నిష్పత్తిని గాఢతకు ఎదురుగా గుర్తించిన సరళరేఖ వస్తుంది. అయితే రేఖ చక్కగా వచ్చినంత మాత్రాన ఫలితము సరియైనదని భావించరాదు. మూల ద్రావణము తప్పైనచో దాని నుండి చేసిన ద్రావణాలన్నీ ఒకే నిష్పత్తిలో తప్పుతాయి. రేఖ యథాతథముగా సరళముగానే ఉంటుంది.

ఉదాహరణకు, బరువులో 95.6% ఇథనాల్ గల రెక్టిఫైడ్ స్పిరిట్‌ను శుద్ధ ఇథనాల్‌గా భావించి వాడితే, ప్రామాణిక ద్రావణాలు పేర్కొన్న దానికన్నా పలుచగా ఉంటాయి. అప్పుడు వాస్తవముగా 29 మి.గ్రా. గల రక్తము 30.3 మి.గ్రా.గా కనిపించి చట్టపు పరిమితిని దాటుతుంది. మూత వదులై ఇథనాల్ ఆవిరైనను ఫలితము ఇదే విధముగా పెరుగుతుంది. ఆంతరిక ప్రమాణము గాని, పరీక్షను పదేపదే చేయుట గాని ఈ దోషమును బయటపెట్టలేవు. కావున వేరొక మూలము నుండి పొందిన, ధ్రువీకరించబడిన ద్రావణముతో రేఖను సరిచూచుట తప్పనిసరి.

నిల్వ

ద్రావణాలను గాలి చొరబడని చిన్న సీసాలలో, పైన ఖాళీ తక్కువగా ఉండునట్లు నింపి, శీతల యంత్రములో భద్రపరచాలి. గది ఉష్ణోగ్రతకు వచ్చిన పిదపనే మూత తీయాలి. సీసాపై పేరు, గాఢత, తయారైన తేదీ, గడువు తేదీ, తయారుచేసినవారి సంతకము ఉండాలి.