పిడి పట్టు

పల్లెలో వడ్రంగి కొత్త ఉలికి పిడి వేస్తుండగా పక్కన నిలబడినవాళ్లు ఆ వాసన మరిచిపోరు. ఉలి వెనక సన్నగా సాగిన ఇనుప తోకను కొలిమిలో ఎర్రగా కాలుస్తారు. ముందే చిన్న బెజ్జం వేసి ఉంచిన కొయ్యలోకి దాన్ని దించుతారు. చుయ్యిమని పొగ లేస్తుంది. కాలిన కొయ్యలో తోక తనకు కావలసినంత చోటు తానే చేసుకుంటుంది. చల్లారాక నాలుగు దెబ్బలు వేస్తే ఉలీ పిడీ ఒకటైపోతాయి. ఇక ఆ పిడి ఆ ఉలిదే. పిడి విరిగితే ఉలి మూలన పడాలి, లేదా మళ్లీ కొలిమి దగ్గరికి నడవాలి.

ఉలికి ఈ పద్ధతి బాగానే సరిపోయింది. బాడిశకూ సరిపోయింది. చిక్కంతా బరమాతోనే వచ్చింది. మంచం కోడుకు ఒక సైజు బెజ్జం కావాలి, తలుపు చట్రానికి ఇంకో సైజు, బండి చక్రానికి మరో సైజు. తొలిచే ముక్క చిన్నదే, దాన్ని తిప్పే సరంజామా మాత్రం పెద్దది. పది సైజులకు పది సరంజామాలు మోసుకు తిరగడం ఎవరి వల్లా కాదు. అందుకే ‘పిడి ఒకటే ఉండాలి, ముక్కలు మారుతుండాలి’ అన్న ఆలోచన బరమా దగ్గర ముందుగా పుట్టింది. ఆ ఆలోచన అరచేతిలో ఇమిడే వస్తువుగా మారడానికి పట్టిన కాలం వేల ఏళ్లు.

బెజ్జం వేసే విద్య మన ఉపఖండంలో చాలా పాతది. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో దొరికిన అస్థిపంజరాల్లో తొమ్మిదిమంది దవడ పళ్లు పదకొండింటికి చెకుముకి రాతి మొనతో తొలిచిన బెజ్జాలు ఉన్నాయని 2006లో పరిశోధకులు వెల్లడించారు. అవి ఏడున్నర వేల నుంచి తొమ్మిది వేల ఏళ్ల కిందటివి. తరవాత సింధు నాగరికత పూసల పనివాళ్లు ఈ విద్యను మరో మెట్టు ఎక్కించారు. కార్నీలియన్ అనే గట్టి ఎర్రరాతితో వేలంత పొడవు పూసలు చేసి, వాటిలో ఈ చివరి నుంచి ఆ చివరికి సన్నటి బెజ్జం తొలిచారు. అందుకు వాడిన రాతికి, చన్హుదారోలో తవ్వకాలు జరిపిన ఎర్నెస్ట్ మెకే పేరు మీద ఈ కాలం పండితులు ఎర్నెస్టైట్ అని పేరు పెట్టారు. ఆ రాతి మొన గంటకు రెండున్నర మిల్లీమీటర్ల లోతు తొలుస్తుందని ప్రయోగాల్లో తేలింది. ఆరు సెంటీమీటర్ల పూసకు ఇరవై నాలుగు గంటలు, అంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున మూడు రోజులు!

ఆ రాతి మొన తయారీని దగ్గరగా చూడాలి. కొన కాస్త లావు, నడుము సన్నం. నడుము సన్నగా ఉన్నందువల్ల పూస గోడకు రాసుకోదు, రాలిన పొడి బయటికి వస్తుంది. అగ్గిపుల్ల పాటి ఆ ముక్కను వేళ్లతో పట్టుకుని తిప్పలేరు కదా. కర్రకు కొసన బిగించి, కమాను తాడుతో తిప్పాలి. మూడు రోజులు తిరిగినా రాతి ముక్క కర్రలో కదలకూడదు. కదిలిందా, బెజ్జం వంకర పోతుంది, పూస పగులుతుంది. మొనను మెచ్చుకునే మనం ఆ బిగింపును తలుచుకోం. గుజరాత్‌లోని ఖంభాత్‌లో పూసల పనివాళ్లు మొనకు వజ్రపు తునకలు పొదిగి, అదే కమాను పద్ధతిని మన కాలం దాకా నిలుపుకొచ్చారు.

కమాను బరమాకు రెండు చేతులూ కావాలి. కుడిచెయ్యి కమానును ముందుకూ వెనక్కూ ఆడిస్తుంది. ఎడమచెయ్యి పైన ఒక కొయ్యబిళ్లనో కొబ్బరిచిప్పనో అదిమి పడుతుంది. మరి పలకను పట్టుకునేదెవరు? వడ్రంగి కాలే. నేల మీద కూర్చుని పాదంతో పలకను తొక్కిపట్టి పనిచేసే మన వడ్రంగుల తీరులో ఆ మూడో చెయ్యి లెక్క ఉంది.

ఐరోపా వడ్రంగి ఎక్కువగా నిలబడి పనిచేశాడు. దానికి తగ్గట్టు పదిహేనో శతాబ్దంలో అక్కడ వేరే రకం బరమా కనిపిస్తుంది. నడుములో వంపు తిరిగిన కొయ్య, పైన గుండ్రటి తల. తలను రొమ్ముకు ఆనించి, వంపును గుండ్రంగా తిప్పితే కింద మొన ఎక్కడా ఆగకుండా ఒకే దిక్కుకు తిరుగుతుంది. ఇంగ్లీషులో దీని పేరు బ్రేస్. 1427-32 ప్రాంతంలో రాబర్ట్ కాంపిన్ చిత్రశాలలో వేసినదని చెప్పే మెరోడ్ చిత్రఫలకం ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వారి క్లాయిస్టర్స్‌లో ఉంది. అందులో జోసెఫ్ తన అంగట్లో కూర్చుని ఒక చెక్కకు ఇలాంటి బరమాతోనే బెజ్జాలు వేస్తున్నాడు. ఈ పనిముట్టు తొలి బొమ్మల్లో ఇదొకటి.

బ్రేస్ వచ్చింది కానీ ముక్కలు మార్చే చిక్కు తీరలేదు. ఒక్కో మొనను ఒక్కో కొయ్యదిమ్మలో శాశ్వతంగా బిగించి, ఆ దిమ్మ చతురస్రపు తోకను బరమా గూట్లోకి దూర్చేవారు. పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల్లో ఇంగ్లండులోని షెఫీల్డ్ పనివాళ్లు దిమ్మను తీసేసి, ఇత్తడి గూడూ స్ప్రింగు కొక్కీ పెట్టారు. మొన తోకలో చిన్న గాటు ఉంటుంది, కొక్కి అందులో పడుతుంది. బాగానే ఉంది. అయితే ఆ గాటు ఎక్కడుండాలో బరమాను బట్టి మారేది. కొత్త మొన కొన్నవాడు ఆకురాయి పట్టుకుని, తన బరమాకు సరిపోయేచోట గాటు తానే పెట్టుకోవలసి వచ్చేది. ఒక బరమాకు కుదిరిన మొనలు పక్కవాడి బరమాలో కూచోవు. విలియం మార్పుల్స్ కంపెనీ ‘అల్టిమేటం’ పేరుతో ఇత్తడి చట్రంలో నల్ల ఎబొనీ కొయ్య పొదిగి చేసిన బరమాలు చూడముచ్చటగా ఉంటాయి. ఈనాడు సేకర్తలు పోటీపడి కొంటారు. కానీ ఎంత అందంగా ఉన్నా, పాత చిక్కు వాటిలోనూ ఉంది.

ఇంతకీ కొక్కి ఎందుకు? తిప్పడానికి చతురస్రపు గూడు ఒక్కటీ చాలు. వెనక్కి లాగేటప్పుడే కొక్కితో పని. లోతుగా దిగిన మొనను బయటికి తీయబోతే, పట్టు లేకపోతే బరమా చేతికొస్తుంది, మొన కొయ్యలోనే ఉండిపోతుంది.

ఈ ముడి విప్పిన చోటు అమెరికా. అక్కడి ఇళ్లు చెక్కతో కట్టేవి, బెజ్జాల పని ఎక్కువ. మొనల వ్యాపారం అప్పటికే వేరుపడింది. రసెల్ జెన్నింగ్స్ 1855లో రెండు మెలికల మొనకు పేటెంటు తీసుకున్నాడు. ఒక ఊళ్లో మొన, ఇంకో ఊళ్లో బరమా తయారవుతుంటే, రెండూ ఒకదానికొకటి కుదరాలంటే ఎలా? 1859లో స్పాఫర్డ్ అనే ఆయన గూటిని నిలువునా చీల్చి, పక్కన బొటనవేలి మర పెట్టాడు. మర తిప్పితే గూడు రెండు పెదవుల్లా మూసుకుంటుంది. కాస్త అటూ ఇటూ ఉన్న తోకలను కూడా పడుతుంది. కనెక్టికట్‌లోని బ్రిడ్జిపోర్టులో జాన్ ఫ్రే ఇవి చాలాకాలం తయారుచేశాడు.

1864 మేలో విలియం హెన్రీ బార్బర్ తీసుకున్న పేటెంటు అంతకంటే పెద్ద మలుపు. ఆ పట్టును విప్పి చూస్తే ఉండేవి కొద్ది భాగాలే. బరమా చివర మరలు కోసిన ఇనుప ముక్కు, దాని మధ్యలో చీలిక. చీలికలో ఎదురెదురుగా రెండు దవడలు, వాటిని విడదీసి ఉంచే స్ప్రింగు. వీటన్నిటి మీదా మూతలా ఎక్కే గుల్ల. గుల్ల లోపలా మరలు ఉంటాయి, చివర గరాటులా సన్నబడుతుంది. గుల్లను తిప్పినకొద్దీ ఆ సన్నపు అంచు దవడలను దగ్గరికి నెడుతుంది. తోక సన్నమైనా లావైనా, ఏ ఊళ్లో చేసినా, దవడలు దాని మీద మూసుకుంటాయి. గాటు అక్కర్లేదు, ఆకురాయి అక్కర్లేదు, రెంచి అక్కర్లేదు. ఎడమచేత్తో గుల్లను పట్టుకుని కుడిచేత్తో వంపును నాలుగు చుట్లు తిప్పితే చాలు, బరమా తన పట్టును తానే బిగించుకుంటుంది.

మసాచుసెట్స్‌లోని గ్రీన్‌ఫీల్డ్‌లో బట్టలు పిండే యంత్రాలు చేసే లెవీ గన్, చార్లెస్ ఆమిడన్ ఈ పేటెంటు విలువ పసిగట్టి కొనుక్కున్నారు. ఫ్యాక్టరీ కాలిపోయాక 1868లో మిల్లర్స్ నది ఒడ్డుకు మారి, నీటిబలంతో నడిచే కొత్త ఫ్యాక్టరీ కట్టారు. కంపెనీ పేరు మిల్లర్స్ ఫాల్స్. అంతకుముందు గ్రౌట్స్ కార్నర్ అని పిలిచిన ఆ ఊరు కూడా మిల్లర్స్ ఫాల్స్ అయింది. రెండు దవడల చిన్న పట్టు ఒక ఊరి పేరునే మార్చిందంటే అతిశయోక్తి ఏమీ లేదు. అసలు మార్పు మాత్రం వడ్రంగి సంచిలో వచ్చింది. మొన ఎవరి దగ్గరైనా కొనుక్కోవచ్చు, పక్కవాడిది అడిగి తెచ్చుకోవచ్చు, చచ్చిపోయిన తాత మొనలను కొత్త బరమాలో వాడుకోవచ్చు.

ఆ కంపెనీయే ఇంకో చిన్న వస్తువూ చేసింది. నున్నగా తరిణ పట్టిన డొల్ల పిడి, మీద మర మూత. లోపల దబ్బనం, చిన్న ఉలి, స్క్రూడ్రైవరు, గిమ్లెట్ లాంటివి పుల్లల్లా సర్ది ఉంటాయి. కావలసినదాన్ని ముందున్న దవడల్లో బిగించుకోవడమే. చెయ్యి తిరిగిన వడ్రంగి దీన్ని బొమ్మ అంటాడేమో. ఉలికి ఉలి పిడే అందం, సుత్తి దెబ్బను అదే ఓర్చుకుంటుంది. కానీ కుర్చీ కాలు వదులైన ఇంట్లో, గుర్రపు బండి నడిపేవాడి జేబులో ఆ పిడి ఒక అంగడంత పనిచేసింది.

ఒంటిచేతి పనిముట్టు అనదగింది మాత్రం ఆ శతాబ్దం చివర్లో వచ్చింది. మెయిన్ రాష్ట్రానికి చెందిన జకారీ ఫర్బిష్ మెలి తిరిగిన గాడుల కడ్డీతో నొక్కితే తిరిగే స్క్రూడ్రైవరు చేశాడు. ఫిలడెల్ఫియాలోని నార్త్ బ్రదర్స్ కంపెనీ ఆ హక్కులు తీసుకుని ‘యాంకీ’ పేరుతో అమ్మింది. ఆ వరసలోనిదే నొక్కుడు బరమా. పిడిని అదిమితే మొన తిరుగుతుంది, వదిలితే స్ప్రింగు పిడిని పైకి నెడుతుంది, మొన ఎదురు దిక్కుకు తిరుగుతుంది. రెండు దిక్కులా తిరగాలి కాబట్టి మొన మీద మెలిక ఉండదు, నిలువు గాడులే ఉంటాయి. పిడిలోనే ఎనిమిది మొనలు, అంగుళంలో పదహారో వంతు నుంచి అరవైనాలుగింట పదకొండు వంతుల దాకా, నంబర్ల వారీగా. ముందున్న తొడుగును జరిపి మొనను దూర్చి వదిలితే టక్కుమని పడుతుంది. ఇక్కడ మర తిప్పే పనే లేదు.

ఈ బరమాకు వడ్రంగులతో పాటు టెలిఫోను పనివాళ్లూ అలవాటుపడ్డారు. నిచ్చెన మీద ఒక చేత్తో గోడనో చట్రాన్నో పట్టుకుని, రెండో చేత్తో బెజ్జం వేయాలి. అలాంటి చోట ఇది తప్ప వేరే ఏదీ పనికిరాదు. ‘బెల్ సిస్టం’ అని ముద్ర వేసిన యాంకీ బరమాలు ఇప్పటికీ అమెరికాలో పాత సామాన్ల అంగళ్లలో దొరుకుతాయి. నార్త్ బ్రదర్స్‌ను 1946లో స్టాన్లీ కంపెనీ కొనేసింది.

యంత్రాల వైపు కథ ఇంకోలా నడిచింది. హార్ట్‌ఫర్డ్‌లో ఆర్థర్ జేకబ్స్ మొనను పట్టే పాత చక్‌ను రెంచితో బిగిస్తూ వేళ్ల కణుపులు చీరుకుపోయి, దానికి మందు కనిపెట్టాలనుకున్నాడని చెబుతారు. 1902లో ఆయనకు పేటెంటు వచ్చింది. ఏటవాలు గాడుల్లో జారే మూడు దవడలు, చుట్టూ పళ్లున్న గుల్ల, దాన్ని తిప్పడానికి ఓ చిన్న పళ్ల తాళంచెవి. రెండు దవడలు చతురస్రాన్ని పడితే, మూడు దవడలు గుండ్రటి మొనను సరిగ్గా మధ్యలో పట్టాయి. 1917లో బ్లాక్, డెకర్ జంటకు పిస్తోలు పిడీ ట్రిగ్గరూ ఉన్న కరెంటు డ్రిల్లు మీద పేటెంటు వచ్చింది. తరవాతి డ్రిల్లులు ఆ రూపును విడిచిపెట్టలేదు. కాంక్రీటు తొలిచే సుత్తి డ్రిల్లుకు మూడు దవడల పట్టు చాలలేదు, దెబ్బకు వదులయ్యేది. 1975లో బాష్ కంపెనీ ఎస్‌డీఎస్ అనే కొత్త పట్టు తెచ్చింది. గాడులున్న తోకను దూర్చి తిప్పితే కూచుంటుంది. గూట్లోనే కాస్త ముందుకూ వెనక్కూ ఆడుతుంది కాబట్టి దెబ్బంతా మొనకే చేరుతుంది.

ఇవాళ హైదరాబాదులోనో విజయవాడలోనో కొత్త అపార్టుమెంట్లో కప్‌బోర్డులు బిగించే కుర్రవాడి చేతిలోని బ్యాటరీ డ్రైవరుకు పావు అంగుళం ఆరుపలకల గూడు ఉంటుంది. తొడుగు లాగి, మొన దూర్చి, వదిలేస్తాడు. టక్కు. నిచ్చెన మీది టెలిఫోను పనివాడు విన్న చప్పుడులాంటిదే. పక్కనే పాత మేస్త్రీ తన కరెంటు డ్రిల్లుతో గోడకు బెజ్జం వేస్తుంటాడు. ఆ డ్రిల్లుకు జేకబ్స్ రకం చక్కే. దాని తాళంచెవి పోతే పని ఆగిపోతుంది కాబట్టి, పాత సైకిలు ట్యూబు ముక్కతో దాన్ని కరెంటు తీగకే గట్టిగా కట్టేసి ఉంచుకుంటాడు.