ఈస్ట్‌లో చిన్న సమూహాలు: కేంద్రకం వెలుపలి అనువంశికత చరిత్ర

మెండల్ నిష్పత్తుల గురించి మీరు ఇదివరకే చదివారు. ఆ నిష్పత్తులకు లొంగని ఒక ఉదాహరణను ఇప్పుడు పరిశీలిద్దాం. ఇందులోని జీవి మీకు కొత్తది కాదు. మా తిరుమలగిరి బేకరీల్లో రొట్టె పిండిని పొంగించే ఈస్టే అది. శాస్త్రీయ నామం శాకరోమైసిస్ సెరవీసియే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పారిస్‌లో బోరిస్ ఎఫ్రుసి ఈస్ట్‌పై పరిశోధన మొదలుపెట్టాడు. 1930లలో ఆయన జార్జి బీడిల్‌తో కలిసి డ్రోసోఫిలా ఈగ కంటి రంగు జన్యువులను పరిశోధించాడు. అంటే జన్యువులన్నీ క్రోమోసోములపైనే ఉంటాయన్న భావనను సందేహించినవాడు ఆ శాస్త్రం తెలియనివాడు కాదు, అందులో ఆరితేరినవాడే.

గ్లూకోజ్ యానకంపై ఈస్ట్‌ను పలచగా పరిస్తే ఒక్కో కణం నుంచి ఒక్కో సమూహం ఏర్పడుతుంది. వాటిలో కొద్దిపాటి సమూహాలు మిగతావాటికంటే బాగా చిన్నవిగా ఉండేవి. వాటి కణాలను తీసి ఎన్నిసార్లు పెంచినా చిన్న సమూహాలే వచ్చాయి. చిన్నది అనే అర్థమున్న ఫ్రెంచి మాటతో వీటికి ‘పెటిట్’ అని పేరు. 1949లో ఎఫ్రుసి బృందం మరో ఫలితం ప్రకటించింది. అక్రిఫ్లేవిన్ అనే పసుపు రంగు క్రిమినాశకాన్ని కలిపిన యానకంలో పెంచితే దాదాపు కణాలన్నీ పెటిట్‌లుగా మారాయి. సాధారణ జన్యు ఉత్పరివర్తనం ఇంత మూకుమ్మడిగా జరగదు.

తరవాత పెటిట్‌ను మామూలు ఈస్ట్‌తో సంకరపరిచారు. ద్వయస్థితిక కణాలు మామూలుగా పెరిగాయి. వాటి నుంచి వచ్చే నాలుగు సిద్ధబీజాల్లో, మెండల్ ప్రకారం, రెండు పెటిట్‌లు కావాలి. నాలుగూ మామూలువే అయ్యాయి! (2:2 ఇచ్చే పెటిట్‌లు కూడా దొరికాయి. వాటి లోపం కేంద్రక జన్యువులో ఉంది.) లోపానికి కారణం కణద్రవ్యంలో ఉందని ఎఫ్రుసి నిర్ధారించాడు. కణద్రవ్య అనువంశికతను చిన్న మినహాయింపుగా చూసే జన్యుశాస్త్రవేత్తలే అప్పట్లో ఎక్కువ.

ఇంతకీ ఆ సమూహం ఎందుకు చిన్నది? విద్యార్థులు తరచుగా ‘పెటిట్ బలహీనమైన కణం’ అని రాస్తుంటారు. అది సరికాదు. ఎఫ్రుసి దగ్గర పనిచేసిన పియోతర్ స్లోనిమ్‌స్కీ, పెటిట్‌లలో సైటోక్రోమ్ ఆక్సిడేజ్ లేదని, అవి ఆక్సిజన్‌తో శ్వాసించలేవని చూపాడు. గ్లూకోజ్ ఉన్నంతకాలం అవి కిణ్వనంతో బతుకుతాయి. 1929లో హార్వర్డ్‌లో ఫిస్కే, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కండరంలో గుర్తించిన ఏటీపీ మీకు తెలుసు కదా. కిణ్వనంలో ఒక గ్లూకోజ్ అణువు నుంచి నికరంగా దక్కే ఏటీపీ అణువులు రెండే. గ్లూకోజ్ అయిపోయాక మామూలు కణాలు తాము విడుదల చేసిన ఆల్కహాల్‌నే శ్వాసక్రియతో వాడుకుని పెరుగుతూ పోతాయి. పెటిట్‌ల ఎదుగుదల అక్కడే ఆగిపోతుంది. గ్లిజరాల్ మాత్రమే ఉన్న యానకంపై అవి అసలు పెరగవు. కాబట్టి ఉత్పరివర్తనం ప్రభావం ఎంత అన్నది ఆహారాన్ని బట్టి ఉంటుంది. పరీక్షలో ఈ మాట తప్పక రాయండి.

కణద్రవ్యంలోని ఆ పదార్థం ఏమిటో తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. 1963లో మార్గిట్ నాస్, సిల్వన్ నాస్ కోడి పిండాల మైటోకాండ్రియాలో డీఎన్ఏ పోగులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూశారు. 1964లో వియన్నాలో షాట్జ్ బృందం ఈస్ట్ మైటోకాండ్రియాలోనూ డీఎన్ఏ ఉందని చూపింది. 1966లో మునొలు, యాకొబ్, స్లోనిమ్‌స్కీ పెటిట్‌ల మైటోకాండ్రియా డీఎన్ఏ సాంద్రతే మారిపోయిందని కనుగొన్నారు. కొన్ని పెటిట్‌లలో ఆ డీఎన్ఏ పూర్తిగా లేదని తరవాత తెలిసింది. మిగతావాటిలో పెద్ద భాగం పోయి, మిగిలిన ముక్కే పదేపదే పునరావృతమవుతుంది. మైటోకాండ్రియా ప్రోటీన్లలో అధిక భాగం కేంద్రక జన్యువుల నుంచే వస్తాయి. అయినా ఈ కొద్దిపాటి డీఎన్ఏ లేనిదే శ్వాసక్రియ జరగదు.

మనుషుల్లో మైటోకాండ్రియా డీఎన్ఏ లోపాలే కొన్ని కండర వ్యాధులకు, ఒక రకం వంశపారంపర్య అంధత్వానికి కారణమని 1988లో తెలిసింది. ఈస్ట్‌లో అదే సంగతి అంత ముందుగా బయటపడడానికి కారణం దాని జీవన విధానం. శ్వాసక్రియ పూర్తిగా పోతే మన శరీరం బతకదు. ఈస్ట్ మాత్రం కిణ్వనంతో బతికి, తన లోపాన్ని చిన్న సమూహం రూపంలో చూపగలదు.