గోదావరి దాటని చట్టం

భద్రాచలం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోనిది. 1953 వరకు అది మద్రాసు రాష్ట్రంలో భాగం. 1948 వరకు నదికి ఆవలి ఒడ్డు నిజాము రాజ్యం. 1918లో మద్రాసు ప్రభుత్వం ఆహార కల్తీ నిరోధక చట్టం చేసింది. అది గోదావరి దాటలేదు.

1955 జూన్ 1న అమలులోకి వచ్చిన కేంద్ర చట్టం రెండు ఒడ్డులకూ ఒకే కొలమానం తెచ్చింది. ఇన్‌స్పెక్టరు నమూనాను మూడు భాగాలు చేసి, ముద్ర వేసి, ఒకటి ప్రభుత్వ విశ్లేషకునికి పంపేవాడు. 1976 సవరణ తరువాత మిగిలిన రెండూ స్థానిక ఆరోగ్యాధికారి వద్ద భద్రంగా ఉండేవి. నివేదికపై వివాదం వస్తే, వర్తకునికి అన్యాయం జరగకుండా, వాటిలో ఒకదానిని కేంద్ర ప్రయోగశాలలో పరీక్షించేవారు.

2011 ఆగస్టు 5 నుండి అమలులో ఉన్న నేటి చట్టం విశ్లేషకునికి 14 రోజుల గడువు ఇచ్చింది. ఈలోగా శ్రీరామనవమి యాత్రికుడు తిని, ఇల్లు చేరి, జబ్బుపడి కోలుకోవడం కూడా అయిపోవచ్చు. కనుక పరీక్ష ఉత్సవానికి ముందే జరగాలి.

అధికారి రాకకై ఎదురుచూడనక్కరలేదు. 40వ సెక్షను ప్రకారం, కొనేటప్పుడే వర్తకునికి చెప్పి, రుసుము చెల్లించి మీరే పరీక్ష చేయించవచ్చు. లోపం తేలితే రుసుము తిరిగి వస్తుంది. ఈ హక్కును వాడుకోండి.